కుండ పట్టుకున్నవాడు

మా ఉట్నూరు ఏజెన్సీలో ఓపెన్, క్లోజ్ అనే రెండు మాటలు తెలియని మగమనిషి అరుదు. బడి గడప తొక్కని పెద్దమనిషి కూడా అంగడిలో టీ తాగుతూ "ఇయ్యాల ఓపెన్ ఏమొచ్చింది?" అని అడుగుతాడు. మా బడిలో ఇంగ్లిష్ టీచరమ్మ "ఓపెన్ ది డోర్" అని చెప్పిస్తుంటే వెనక వరుస పిల్లలు ముసిముసిగా నవ్వుతారు. వాళ్లకు ఆ మాట తలుపుకు సంబంధించింది కాదు, అంకెకు సంబంధించింది.

ఇవి మట్కా మాటలు. మట్కా అంటే కుండ. లాటరీ అనగానే పట్నంవాళ్లకు రంగురంగుల టికెట్టు గుర్తొస్తుంది. మన గూడేలకు లాటరీ టికెట్టు రూపంలో కన్నా ఈ కుండ రూపంలోనే ఎక్కువగా వచ్చింది. అందుకే దీని గురించి పిల్లలతో మాట్లాడేటప్పుడు నేను కుండ దగ్గరే మొదలుపెడతాను.

ఓపెన్, క్లోజ్ అనేవి మొదట పత్తి ధరలు. న్యూయార్క్ పత్తి ఎక్స్ఛేంజీలో బజారు తెరిచినప్పటి ధర ఓపెన్, మూసినప్పటి ధర క్లోజ్. ఆ ధరలు బొంబాయి పత్తి బజారుకు టెలిప్రింటర్ మీద వచ్చేవి. పత్తి కొనేవాళ్లు, అమ్మేవాళ్లే కాదు, పత్తితో ఏ సంబంధం లేనివాళ్లు కూడా రేపు ఏ అంకె వస్తుందోనని పందెం కాసేవారు. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోయింది. పందెం మాత్రం ఆగలేదు. ధర లేకపోతే ఏం, అంకెలు రాసిన చీటీలు కుండలో వేసి తీస్తే సరిపోతుంది అనుకున్నారు. బొంబాయిలో కల్యాణ్‌జీ భగత్, ఆ తర్వాత రతన్ ఖత్రీ నడిపిన ఈ ఆట దేశమంతా పాకింది. తర్వాత కుండ పోయి పేకముక్కలు వచ్చాయి, ఇప్పుడు ఫోన్ వచ్చింది. పేరు మాత్రం కుండే.

ఈ సంగతి నాకు తెలిసినప్పుడు కాసేపు ఏమీ తోచలేదు. మన జిల్లా పత్తి జిల్లా. జొన్నలు వేసుకుని తిన్న మన తాతల చేలల్లో ఇప్పుడు పత్తి. విత్తనం అప్పు మీద, మందు అప్పు మీద, వాన వస్తే పంట, రేటు ఉంటే డబ్బు. ఆ డబ్బు దండారి రోజుల నుంచి సంక్రాంతి దాకా చేతికి వస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే మా అంగళ్లలో మట్కా చీటీలు రాసేవాళ్లు ఎక్కువవుతారు. పత్తి ధర మీద పుట్టిన జూదం పత్తి పండించినవాడి జేబు వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చింది.

ఆట ఎలా నడుస్తుందో తెలియని ఉపాధ్యాయులు కూడా ఉంటారు కాబట్టి చెబుతాను. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న అంకెల్లోంచి మూడు తీస్తారు. 5, 3, 6 వచ్చాయనుకోండి. కలిపితే 14. చివరి అంకె 4. అదే ఓపెన్. కొన్ని గంటల తర్వాత మళ్లీ మూడు అంకెలు తీస్తారు. 8, 2, 8 వస్తే 18, కాబట్టి క్లోజ్ 8. రెండూ కలిపితే 48, దాన్ని జోడీ అంటారు. ఒంటి అంకె మీద కాసి గెలిస్తే మా వైపు రూపాయికి తొమ్మిది ఇస్తారు. జోడీ తగిలితే రూపాయికి తొంభై.

వినడానికి బాగానే ఉంది. రూపాయి పెడితే తొమ్మిది. కానీ అంకెలు పది ఉన్నాయి. పదిమంది తలా ఒక అంకె మీద పది రూపాయలు కాస్తే కుండలో పడేది వంద. గెలిచినవాడికి ఇచ్చేది తొంభై. మిగిలిన పది, కుండ పట్టుకున్నవాడిది. వాడు ఏ అంకె మీదా కాయలేదు, ఏ కలా కనలేదు, ఎవరినీ మోసం కూడా చేయలేదు. ప్రతి ఆటకు వందకు పది వాడి వైపు నడిచి వెళతాయి. జోడీలో వంద జోడీలకు తొంభై, అంటే అక్కడా అదే లెక్క.

పదో తరగతి గణితంలో సంభావ్యత అని ఒక పాఠం ఉంది. పుస్తకంలో నాణెం ఎగరేస్తారు, పాచిక వేస్తారు. నేను చింతగింజలు తీసుకెళతాను. పదిమంది పిల్లలకు తలా ఇరవై గింజలు. పదకొండోవాడికి యాభై గింజలూ, మట్టి ముంతా. ముంతలో సున్నా నుంచి తొమ్మిది దాకా చీటీలు. గింజకు తొమ్మిది గింజలు. మొదటి పది ఆటలు గోలగోలగా ఉంటాయి. ఎవడికో తగులుతుంది, వాడు లేచి గంతులేస్తాడు. గంట కొట్టేసరికి ఇద్దరు ముగ్గురి దగ్గర మొదలుపెట్టినప్పటికన్నా ఎక్కువ గింజలుంటాయి, ఒకరిద్దరి దగ్గర ఏమీ ఉండవు, తక్కినవాళ్లవి తగ్గి ఉంటాయి. ముంత పట్టుకున్నవాడి గింజలు నెమ్మదిగా పెరుగుతాయి. ఒక్కోసారి వాడు కూడా దెబ్బతింటాడు. అప్పుడు మర్నాడు మళ్లీ ఆడిస్తాను, నాలుగైదు రోజులు ఆడితే లెక్క తేలిపోతుంది. పిల్లలకు నేను చూపించాలనుకునేది ఇంకొకటి కూడా ఉంది. మర్నాడు బడంతా చెప్పుకునేది ఆ గెలిచిన ఇద్దరి గురించే. గింజలు పోయినవాళ్ల పేర్లు ఎవరూ తలచుకోరు. ఒకసారి ముంత పట్టుకున్న పిల్లవాడు "సార్, రేపు కూడా నేనే పట్టుకుంట" అన్నాడు. పాఠం వాడికి అందరికన్నా ముందు అర్థమైంది.

వంద రూపాయలతో మొదలుపెట్టి, గెలిచిందంతా మళ్లీ కాస్తూ పోతే సగటున ఒక ఆటకు తొంభై అవుతుంది, రెండో ఆటకు ఎనభై ఒకటి. ఏడో ఆటకు సగం కన్నా తక్కువ. ఇరవయ్యో ఆటకు పన్నెండు రూపాయలు. పొద్దున ఓపెన్, రాత్రి క్లోజ్ ఆడేవాడికి ఇరవై ఆటలంటే పది రోజులు.

ఇదంతా చెప్పినా మనవాళ్లు ఎందుకు ఆడతారని బయటి నుంచి వచ్చిన టీచర్లు అడుగుతారు. చదువు లేక అని కొందరు వాళ్లే జవాబు చెప్పుకుంటారు. నేను ఒప్పుకోను. డిగ్రీ చదివినవాళ్లు ఆడుతున్నారు, జీతం ఉన్నవాళ్లు ఆడుతున్నారు. ఒక కూలీమనిషి నాతో అన్నమాట చెబుతాను: "పది రూపాయలకు రాత్రంతా ఆశ ఉంటది సార్. పది రూపాయలకు ఇంకేం వస్తది?" ఆ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. యాభై రూపాయలు ఒకేసారి నాలుగువేల ఐదొందలయ్యే దారి అతనికి ఇంకొకటి లేదు. బ్యాంకు పిలవదు. సావుకారి పిలుస్తాడు, కానీ పత్తి మొత్తం రాయించుకుని ఇస్తాడు.

అంకె ఎంచుకోవడంలో మనవాళ్ల పద్ధతులు వింటే నవ్వు వస్తుంది, ఆ వెంటనే బాధ కూడా వేస్తుంది. కలలో పాము వస్తే ఒక అంకె, పులి వస్తే ఒక అంకె. పెళ్లి సంబంధం చూసుకునేటప్పుడు మనం అడిగే మొదటి మాట ఏ సగ అని. నాలుగు వేల్పులా, ఐదా, ఆరా, ఏడా. ఒకే సగలో పెళ్లి చేసుకోం, వాళ్లంతా అన్నదమ్ములు. ఆ నాలుగు అంకెల మీద మన చుట్టరికాలన్నీ నిలబడి ఉన్నాయి. ఏడు వేల్పుల సగ కుర్రవాడు ఒకడు ప్రతి సోమవారం ఏడు మీద కాసేవాడు. "మా దేవుళ్ల అంకె, ఎప్పుడో ఒకరోజు రాకుండా ఉంటదా?" అన్నాడు. వస్తుంది. పది ఆటలకు సగటున ఒకసారి వస్తుంది. వచ్చిన రోజు తొమ్మిది ఇచ్చి, ఆ పది ఆటలకూ కలిపి పది తీసుకుంటుంది. నిన్న ఏడు వచ్చిందని ఇవాళ రాకుండా పోదు, నెలరోజులుగా రాలేదని ఇవాళ వచ్చి తీరాలనీ లేదు. కుండకు నిన్నటి జ్ఞాపకం ఉండదు. చార్టులు అమ్మేవాళ్లు ఉందని చెబుతారు.

పైన చెప్పిన లెక్క అంతా ఆట నిజాయితీగా నడిస్తేనే. మట్కాలో చీటీ తీసేటప్పుడు చూసినవాడు మన గూడెంలో ఒక్కడూ లేడు. అంకె ఎక్కడో తీస్తారు, ఫోన్లో వస్తుంది. ఏ అంకె మీద ఎంత డబ్బు పడిందో కుండ పట్టుకున్నవాడికి ముందే తెలుసు. తక్కువ డబ్బు పడిన అంకెను తీయకుండా వాడిని ఆపేది ఏమిటి? మట్కా నడపడం, ఆడడం రెండూ 1974 నాటి గేమింగ్ చట్టం కింద నేరాలే కాబట్టి మోసపోయినవాడు ఠాణాకు వెళ్లి చెప్పుకోలేడు కూడా.

మా పెద్దమ్మ కొడుకు, నాకు దాదా అవుతాడు. అతను తాగడు. ఎవరితో గొడవకు పోడు. ఇరవై, యాభై, ఎప్పుడన్నా వంద, అంతే కాసేవాడు. అతని నష్టం ఒక్కరోజులో జరిగి ఉంటే ఇంట్లో తెలిసేది, పెద్దలు పిలిచి మందలించేవారు, రాయిసెంటర్ దాకా వెళ్లేది. అది ఒక్కరోజులో జరగలేదు. రెండేళ్లలో కొద్దికొద్దిగా జరిగింది. మొదట విత్తనాల డబ్బు, తర్వాత వదిన చేతి కడియాలు, చివరికి ఎడ్లు. పొలాల పండుగ రోజు గూడెంలో ప్రతి ఇంటివాళ్లు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి, తోరణం కింద నడిపించి ఇంటికి తెచ్చి నైవేద్యం పెడతారు. ఆ ఏడు వదిన ఉదయమే ఇంటి ముందు అలికి ముగ్గు వేసింది. ఎందుకు వేశావని ఎవరూ అడగలేదు. దాదా ఆ రోజు ఊళ్లో లేడు. ఎడ్లు లేనివాడు దుక్కికి కిరాయి కట్టాలి, కిరాయి డబ్బు సావుకారి ఇస్తాడు, ఇచ్చినవాడే పంట అడుగుతాడు. 1/70 చట్టం మన భూమిని ఇంకొకరి పేరు మీదకు పోకుండా ఆపుతుంది. పంటను ఆపలేదు.

కొందరు అంటారు: మట్కా దొంగాట, కానీ సర్కారు లాటరీ అలా కాదు కదా, పెనుగంగ దాటితే మహారాష్ట్రలో దుకాణం పెట్టి అమ్ముతున్నారు కదా అని. నిజమే. కేరళ 1967లో ప్రభుత్వ లాటరీ మొదలుపెట్టింది. అప్పుడు టికెట్టు ఒక రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. మహారాష్ట్ర 1969లో మొదలుపెట్టింది. 1998లో కేంద్రం లాటరీల నియంత్రణ చట్టం తెచ్చింది. దాని ప్రకారం రాష్ట్ర ప్రభుత్వమే లాటరీ నడపాలి, టికెట్టు మీద ప్రభుత్వ ముద్ర ఉండాలి, డ్రా ప్రభుత్వమే తీయాలి, అమ్మకం డబ్బు ప్రభుత్వ ఖాతాలోకి వెళ్లాలి. ఏ రాష్ట్రమైనా తన దగ్గర ఇతర రాష్ట్రాల టికెట్లు అమ్మకుండా ఆపుకోవచ్చు. తమిళనాడు 2003లో లాటరీలు నిషేధించింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు టికెట్లు అమ్మకూడదు. ఆ చట్టంలో నాకు నచ్చిన షరతు ఒకటుంది: ఒంటి అంకె మీద బహుమతి పెట్టకూడదు. రాసినవాళ్లకు మట్కా బాగా తెలుసన్నమాట.

సర్కారు లాటరీలో డ్రా అందరి ముందూ తీస్తారు, గెలిచిన టికెట్టుకు డబ్బు ఇస్తారు. మోసం లేకపోవడం వేరు, కొన్నవాడికి లాభం ఉండడం వేరు. కేరళలో 2022 ఓణం బంపర్ టికెట్టు 500 రూపాయలు, మొదటి బహుమతి 25 కోట్లు. 66 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. 66 లక్షలంటే ఎంతో మనకు మనసుకెక్కదు. 2011 జనాభా లెక్కల్లో పాత ఆదిలాబాద్ జిల్లా మొత్తం, అంటే ఇప్పటి నాలుగు జిల్లాలు కలిపి, చంటిపిల్లలతో సహా 27 లక్షల మంది. ఆ 27 లక్షల మందికీ తలా రెండు టికెట్లు పంచినా ఇంకా లక్షల టికెట్లు మిగులుతాయి. వాటన్నిటిలో మొదటి బహుమతి ఒక్కదానికే. బహుమతిలోంచి ఏజెంటు కమిషన్ పోతుంది, 30 శాతం ఆదాయపు పన్ను పోతుంది. ఆ ఏడాది గెలిచింది ఒక ఆటోడ్రైవర్. సాయం కావాలంటూ జనం ఇంటి మీదకు రావడంతో కొద్దిరోజుల్లోనే అతను కెమెరా ముందు, ఇంత పెద్ద బహుమతి రాకుండా ఉంటే బాగుండేదని చెప్పుకోవాల్సి వచ్చింది.

కేరళవాళ్లకు కూడా ఒక వాదన ఉంది, దాన్ని తీసిపారేయలేం. టికెట్లు అమ్మి బతికేవాళ్లలో వికలాంగులు, ముసలివాళ్లు చాలామంది ఉన్నారు. కారుణ్య అనే లాటరీ పెట్టి ఆ డబ్బుతో క్యాన్సర్, గుండె, కిడ్నీ రోగులకు వైద్యం చేయించారు. మంచి పనే. అయితే నా సందేహం ఇది: ఆ టికెట్టు రోజూ కొనేది ఎవరు? బంగారు దుకాణం యజమాని రోజూ లాటరీ కొనడం నేను వినలేదు. రోజుకూలీ జేబులోంచి ఆశ పేరుతో తీసిన డబ్బుతో రోజుకూలీకి వైద్యం చేయించడాన్ని పన్ను అనాలా, దానం అనాలా? నాకైతే పన్ను అనే అనిపిస్తుంది, అదీ లేనివాళ్లే కట్టే పన్ను.

మన ఆడవాళ్లు మట్కా ఆడరు. వాళ్ల కోసం వేరే కుండ వచ్చింది, దాని పేరు లక్కీ స్కీమ్. నెలకు వెయ్యి కట్టాలి, ఇరవై నెలలు. ప్రతి నెలా డ్రా తీసి ఒకరికి మోటారుసైకిల్ ఇస్తారు, గెలిచినవాళ్లు ఇక కట్టనక్కర్లేదు. చివరి దాకా కట్టినవాళ్లకు మంచం, బీరువా ఇస్తారు. "ఎటు చూసినా నష్టం లేదు బిడ్డా" అని మా చిన్నమ్మ చేరింది. నాలుగొందల మంది చేరారని చెప్పారు. నేను లెక్క వేశాను. గెలిచినవాళ్లు తగ్గుతూ పోయినా ఇరవై నెలల్లో వచ్చేది 78 లక్షలు. బండికి 90 వేలు వేసుకున్నా ఇరవై బండ్లకు 18 లక్షలు. అరవై లక్షలు వాళ్ల దగ్గరే ఉంటాయి. నిజంగా మంచాలు, బీరువాలు కొనిచ్చినా మిగులుతుంది. కొనివ్వకుండా వెళ్లిపోతే ఇంకా మిగులుతుంది. వాళ్లు పదమూడో నెలలో వెళ్లిపోయారు. చిన్నమ్మ దగ్గర పదమూడు గడుల్లో సంతకాలున్న పచ్చ కార్డు ఉంది. ఫిర్యాదు ఇచ్చాం. డబ్బు రాలేదు.

ఇలాంటి స్కీములను 1978లోనే నిషేధించారు. ఆ చట్టం పేరు ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం. వాయిదాల మీద డబ్బు వసూలు చేసి, డ్రా తీసి కొందరికే బహుమతి ఇచ్చే ఏ స్కీమైనా దాని కిందకే వస్తుంది. మహిళా సంఘం పొదుపును, నమోదైన చిట్టీని దీంతో కలపకూడదు. చిట్టీలో ప్రతి మనిషికీ ఒక వంతు వస్తుంది, ముందో వెనకో. సంఘంలో లెక్క పుస్తకం మన ఊళ్లోనే ఉంటుంది, ఎవరైనా అడిగి చూడవచ్చు. లక్కీ స్కీమ్ పుస్తకం చిన్నమ్మ ఎప్పుడూ చూడలేదు.

ఫోన్ గురించి కుర్రవాళ్లకు నాకన్నా ఎక్కువ తెలుసు, కాబట్టి రెండు మాటలే. మీరు కొనని టికెట్టుకు లాటరీ తగలదు. కేబీసీలో 25 లక్షలు గెలిచారని వాట్సాప్‌లో వచ్చేది, ముందు పన్ను కట్టమని అడిగేది మోసం. డబ్బు పోతే గంట కూడా ఆగకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆపే వీలు అంత ఎక్కువ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. అయినా యాప్‌లు పేర్లు మార్చుకుని వస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు నేను ఎక్కువగా చెప్పాలనుకున్న కుండ దగ్గరికి వస్తాను. నాకు తెలిసి మన రాష్ట్రంలో అన్నిటికన్నా పెద్ద లాటరీ మద్యం దుకాణాలది. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాలకు దరఖాస్తులు పిలిచారు. దరఖాస్తు ఫీజు రెండు లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగి ఇవ్వరు. లక్షా 31 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఫీజుల మీదే ప్రభుత్వానికి 2,639 కోట్లు వచ్చాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే దుకాణానికి కోటి రూపాయలు. తర్వాత కలెక్టర్లు డ్రా తీశారు. 2025లో ఫీజు మూడు లక్షలు చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2024లో 3,396 దుకాణాలకు ఇదే పద్ధతి, అక్కడ 1,800 కోట్లకు దగ్గరగా వచ్చాయి.

2021 నుంచి తెలంగాణలో ఈ దుకాణాల్లో ఎస్టీలకు 5 శాతం కేటాయించారు. రిజర్వేషన్ అనగానే మనకు సంతోషం. కానీ తిరిగిరాని మూడు లక్షలు కుండలో వేయగల గోండు, కొలాం, నాయక్‌పోడ్ మనిషి ఎవరు? మన దగ్గర ఉండేది కుల ధృవీకరణ పత్రం. మూడు లక్షలు ఇంకొకరి దగ్గర ఉంటాయి. ఆ ఇద్దరూ ఎక్కడ కలుస్తారో మన ఏజెన్సీలో అందరికీ తెలుసు, ఎవరూ బయటికి అనరు. చీటీ మన పేరు మీద తీస్తారు. బోర్డు మీద మన పేరు. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది వేరే మనిషి. పేరిచ్చినవాడికి నెలకు కొంత ముడుతుంది, రేపు పన్ను నోటీసో కేసో వస్తే అది కూడా అతనికే ముడుతుంది. ఈ సంగతి మన చదువుకున్న కుర్రవాళ్లు బాగా ఆలోచించాలి, ఎందుకంటే పేరు అడగడానికి వాళ్ల దగ్గరికే వస్తారు.

ఇంకొకటి. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపదార్థాల అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని చెప్పింది. దుకాణం ఎవరికి రావాలో డ్రా తేలుస్తుంది. మా ఊళ్లో దుకాణం ఉండాలా వద్దా అనేది డ్రాకు తెలియదు. ఆ ప్రశ్న అడగాల్సింది గ్రామసభలో. మా పంచాయతీలో ఆ మాట ఎత్తిన ఆడవాళ్లు ఉన్నారు. తీర్మానం రాయించడానికి వాళ్లు మూడు సభలు తిరిగారు.

ఇంత రాశాక చీటీ తీయడమే చెడ్డదని అంటున్నాననుకోవద్దు. నా చిన్నప్పుడు ఊళ్లో మేకను కోస్తే మాంసం మోదుగాకుల మీద పోగులు పెట్టేవారు. ఏ పోగు ఎవరిదో తేల్చడానికి ఒక పిల్లవాడిని వెనక్కి తిప్పి నిలబెట్టేవారు. పెద్దాయన ఒక పోగు మీద చేయి పెట్టి "ఇది ఎవరిది?" అంటే ఆ పిల్లవాడు చూడకుండా ఒక ఇంటి పేరు చెప్పేవాడు. నేను కూడా అలా నిలబడి చెప్పాను. అదీ ఒక డ్రాయే. కానీ అక్కడ ఏ ఇంటికీ పోగు రాకుండా పోయేది కాదు. ఎముకలు ఎవరికి, కండ ఎవరికి అనే తగువు రాకుండా ఉండడానికే ఆ పద్ధతి. చేయి పెట్టిన పెద్దాయనకు కూడా ఒక్క పోగే.

ప్రభుత్వం కూడా మన పిల్లల కోసం చీటీలు తీస్తుంది. బెస్ట్ అవైలబుల్ స్కూల్ పథకం కింద గిరిజన పిల్లలను పేరున్న ప్రైవేటు బడుల్లో చేర్పించి ఫీజు ప్రభుత్వమే కడుతుంది. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువ కాబట్టి లక్కీ డిప్ తీస్తారు. మా గూడెం నుంచి ఒక తండ్రి వెళితే తోడుగా వెళ్లాను. అందరి ముందూ చీటీలు చూపించారు, డబ్బాలో వేశారు, ఒక చిన్నపిల్ల చేత తీయించారు. డబ్బు ఎవరూ కట్టలేదు, పైరవీ కనబడలేదు. తీసే పద్ధతిలో నాకు తప్పు దొరకలేదు. డబ్బాలో ఉన్న చీటీలన్నీ అర్హత ఉన్న పిల్లలవే. వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఆ రోజు చదవనేలేదు. పిలిచిన పేర్లకు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నానికి హాలు ఖాళీ అయింది. బయట చెట్టు కింద ఆ తండ్రి సద్ది విప్పి నాకు సగం రొట్టె ఇస్తూ, "సార్, ఇంతమంది అడుగుతుంటే సీట్లే పెంచొచ్చు కదా, చీటీలెందుకు?" అన్నాడు. అదే మాట అక్కడున్న ఒక ఉద్యోగిని అడిగాం. సీట్ల సంఖ్య పై నుంచి వస్తుందని చెప్పాడు.

తిరుగుబస్సు సాయంత్రం ఐదింటికి దొరికింది. ఆ పిల్లవాడు జూన్‌లో మా ఆశ్రమ పాఠశాలలోనే చేరాడు. ఇప్పుడు ఆరో తరగతి. లెక్కలు బాగానే చేస్తాడు, పదమూడో ఎక్కం దగ్గర మాత్రం కాస్త తడబడతాడు.